గిన్నె మీద పేరు

మా ఇంట్లో ఒక పాత స్టీలు క్యారియరుంది. నాలుగు గిన్నెలది. నాలుగింటి మీదా మా నాన్నగారి పేరు, ఇంటిపేరుతో సహా, చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. చెప్పొద్దూ, మా నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఆ క్యారియర్లో ఒక్కనాడైనా అన్నం సర్దిన పాపాన పోలేదు. తెల్లవారుజామున లేచి పప్పూ, కూరా, చారూ, పెరుగన్నం సర్దింది మా అమ్మ. గిన్నె మీద పేరు మాత్రం ఆయనది.

ఇందులో తప్పు పట్టడానికేం లేదనుకోండి. పక్కింటి పిన్నిగారికి గిన్నెడు పులుసు పంపితే గిన్నె తిరిగి రావాలి గదా! పేరంటాల్లో, పెళ్ళిళ్ళలో పదిళ్ళ గిన్నెలూ కలిసిపోతే ఎవరివి ఏవో తెలియాలి గదా! పేరు పడేది అందుకు. వండిందెవరని గిన్నెనెవరూ అడగరు.

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. ఇంకా కూడబలుక్కునే చదువుతుంది. అయినా టీవీ పెట్టగానే, బొమ్మ మొదలు కాకముందే, వచ్చేదేమిటో చెప్పేస్తోంది. "అమ్మమ్మా, సింహం వస్తే టామ్ అండ్ జెర్రీ. రంగురంగుల గుండ్రాలొస్తే బగ్స్ బన్నీ. కోటొస్తే డిస్నీ. దీపం గెంతితే పిక్సార్!" అని వేళ్ళు మడిచి లెక్క చెప్పింది.

నాకు నవ్వొచ్చింది. మేమూ అంతే గదా! ఇద్దరు పిల్లలు బూరలు ఊదుతూ కనిపిస్తే జెమిని వారి సినిమా అనీ, హనుమంతుడి జెండా ఎగిరితే విజయా వారిదనీ నేల టిక్కెట్టు దగ్గర్నుంచి కుర్చీ దాకా అందరికీ తెలిసిపోయేది. అక్షరం ముక్క రాని మా ఇంటి పనిమనిషి కూడా తడుముకోకుండా చెప్పేది. తెర మీది గుర్తుకున్న సుఖమే అది. చదువు అక్కర్లేదు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ పిల్ల ఊరుకోక, "మరి అమ్మమ్మా, ఈ బొమ్మలన్నీ ఆ సింహమే గీసిందా?" అంది.

"సింహం గియ్యడమేమిటే, పిచ్చిదానా!" అన్నాను గానీ, మరెవరు గీశారో చెప్పమంటే వెంటనే నోట మాట రాలేదు. చిన్నపిల్లలు వేసే ప్రశ్నలు ఒక్కోసారి మనల్ని పుస్తకాల దాకా నడిపిస్తాయి. అలా నడిచాక తెలిసిన సంగతులే ఇవి.

అసలు తెర మీద కంపెనీ గుర్తు ఎందుకు పుట్టిందో తెలుసాండీ? దొంగల భయంతో! సినిమా పుట్టిన కొత్తలో ఒకరు తీసిన ఫిల్మును మరొకరు కాపీ చేసి, తమదేనని అమ్ముకోవడం మామూలు వ్యవహారం. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ అనే ఆయన 1902లో చంద్రమండల యాత్ర సినిమా తీశాడు. చంద్రుడి కంట్లో రాకెట్టు గుచ్చుకున్న బొమ్మ మీరూ ఎక్కడో చూసే ఉంటారు. అమెరికాలో ఆ సినిమాను కాపీలు కొట్టి ఆడించుకున్నారు. కాపీ కొట్టిన వాళ్ళలో మన పాఠ్య పుస్తకాల ఎడిసన్ గారి కంపెనీ కూడా ఉంది. మెలియెస్ లబోదిబోమని 1903లో తమ్ముడూ అన్నా అని చూడకుండా సొంత సోదరుణ్ణే న్యూయార్కు పంపి అక్కడో ఆఫీసు తెరిపించాడు. ఆయన కంపెనీ గుర్తు నక్షత్రం. పాతే వారి గుర్తు కోడిపుంజు. అమెరికాలో బయోగ్రాఫ్ వారి గుర్తు ఏ, బీ అనే రెండక్షరాలు.

మొదట్లోనే చూపించే గుర్తయితే దొంగ దాన్ని కత్తిరించి పారేస్తాడు గదా! అందుకని ఈ కంపెనీల వాళ్ళు ఏకంగా సెట్టింగులోనే, కథ జరిగే గది గోడకే ఆ గుర్తు తగిలించేవారు. నాయిక ఏడుస్తూంటే వెనకాల గోడ మీద కోడిపుంజు! అచ్చం మన గిన్నె మీద పేరు లాంటిదే ఇది. సొత్తు ఎవరిదో చెప్పడానికే తప్ప, వండిందెవరో చెప్పడానికి కాదు.

ఇక మా మనవరాలి సింహం. దీన్ని 1916లో గోల్డ్విన్ కంపెనీ కోసం తయారు చేసింది హోవర్డ్ డీట్జ్ అనే ప్రచార శాఖ ఆయన. తను చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం ఆటగాళ్ళ గుర్తు సింహమట, దాన్నే తెచ్చి పెట్టాడు. 1924లో మూడు కంపెనీలు కలిసి ఎం.జి.ఎం. అయినప్పుడు సింహం కూడా కొత్త కాపురానికి వెళ్ళింది. అప్పటి సింహం పేరు స్లాట్స్. డబ్లిన్ జంతుప్రదర్శనశాలలో పుట్టింది. మూకీ కాలం గనక అది గర్జించలేదు, ఊరికే అటూ ఇటూ చూసేది. 1928లో జాకీ అనే రెండో సింహం వచ్చాక గ్రామఫోను రికార్డు పెట్టి గర్జన వినిపించారు. చూశారా, సింహాలకు కూడా పేర్లున్నాయి, ఊరూ పేరూ వంశం రాసి పెట్టారు.

మరి ఆ సింహం వెనకాల బొమ్మలు గీసినవాళ్ళ సంగతి? 1940లో పిల్లీ ఎలుకా కథ మొదటిది విడుదలైంది. అప్పటికి పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. దాన్ని ఆలోచించి నడిపించిన ఇద్దరు విలియం హానా, జోసెఫ్ బార్బెరా. తెర మీద వాళ్ళ పేర్లే లేవు! పైఅధికారి రుడాల్ఫ్ ఐసింగ్ పేరొక్కటే పడింది. తరవాత తరవాత వాళ్ళ పేర్లూ వచ్చాయనుకోండి. కానీ టామ్ అండ్ జెర్రీకి వచ్చిన ఏడు ఆస్కార్లూ నిర్మాత ఫ్రెడ్ క్వింబీ ఖాతాలోకే వెళ్ళాయి. 1957లో, పాత బొమ్మలు మళ్ళీ ఆడించినా దాదాపు అంత డబ్బే వస్తోందని లెక్క తేల్చి, ఆ శాఖనే మూసేశారు. హానా, బార్బెరా బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టుకుని, ఈసారి దానికి తమ పేర్లే పెట్టుకున్నారు. తెలివైన పని! ఇంకొకరి గిన్నెలో వండీ వండీ విసిగిపోయి సొంత గిన్నె కొనుక్కున్నారన్నమాట. ఆ తరవాత వాళ్ళ పేరు వెనకాల గీసిన వందలమంది పేర్లు మా మనవరాలికి తెలియవు, నాకూ తెలియవు. అది వేరే సంగతి.

రంగురంగుల గుండ్రాల వారు వార్నర్ బ్రదర్స్. లూనీ ట్యూన్స్ 1930లో మొదలయ్యాయి. గుండ్రాల మధ్యలోంచి నత్తి నత్తిగా "ఇంతే సంగతులు" అని చెప్పే పంది, పోర్కీ, 1935లో పుట్టింది. మొదట్లో దానికి గొంతిచ్చిన జో డౌహర్టీకి నిజంగానే నత్తి. పాపం, ఎంత ఆపుకుందామన్నా ఆగక రికార్డింగు ఆలస్యమవుతోందని 1937లో ఆయన్ని మార్చి, మెల్ బ్లాంక్ చేత చెప్పించారు. ఈ బ్లాంక్ గారు గడుసువాడు. జీతం పెంచమని అడిగితే కుదరదన్నారట. "అయితే నా పేరు తెర మీద వెయ్యండి" అన్నాడట. ఖర్చులేని పనే గదా అని వేశారు. ఆయనే చెప్పుకున్న ముచ్చట ఇది. అప్పట్నుంచీ గొంతులిచ్చిన వాళ్ళలో ఆయన పేరొక్కటే పడుతూ వచ్చింది. అదే బొమ్మల్లో 1955 నుంచి బామ్మగారికి గొంతిచ్చిన జూన్ ఫోరే పేరు ఆ రోజుల్లో పడలేదు. బామ్మ గొంతుకు పేరెందుకనుకున్నారు కాబోలు.

బొమ్మలు గీసేవాళ్ళకయితే వంతులుండేవి. నలుగురైదుగురు కలిసి గీస్తే ఒక్కరి పేరే పడేది. ఈ నెల నీ పేరు, వచ్చే నెల నా పేరు, అంతే. ఆ ఒక్క పేరుకు కూడా 1943లో ముప్పొచ్చింది. పాత బొమ్మలను మళ్ళీ విడుదల చేస్తూ, వాటికి "బ్లూ రిబ్బన్" అని నీలం రిబ్బను గుర్తు ముందు తగిలించారు. బహుమతి గుర్తులా చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాన్ని అతికించడం కోసం, మొదట ఉన్న పేర్ల భాగాన్ని అసలు నెగెటివు నుంచే కత్తిరించేశారు. దర్శకుడు, రచయిత, చిత్రకారుడు, సంగీత దర్శకుడు, అందరూ పోయారు. కంపెనీ గుర్తు మాత్రం నిక్షేపంలా ఉంది. ఏళ్ళ తరవాత ఎవరెవరి దగ్గరో మిగిలిన పాత ప్రింట్లు వెతికి వెతికి, కొన్నిటికి మళ్ళీ ఆ పేర్లు కలిపారు. అన్నీ దొరకలేదు. దొంగ కాపీల వాళ్ళు గుర్తు కత్తిరిస్తారని భయపడి మొదలైన కథ, ఆఖరికి గుర్తు గలవారే పేర్లు కత్తిరించడం దాకా వచ్చింది.

ఇంతకీ అసలు పేరే పడనివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఆడవాళ్ళు.

బొమ్మల సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాల బొమ్మంటే పదివేల పైచిలుకు. చిత్రకారుడు పెన్సిలుతో గీసి ఇస్తాడు. దాన్ని పారదర్శకమైన సెల్యులాయిడు రేకు మీద సిరాతో, గీత ఒణక్కుండా ఎత్తి రాయాలి. తరవాత రేకు తిరగేసి వెనకవైపు రంగులు నింపాలి. వేలిముద్ర పడకుండా చేతికి తెల్లటి తొడుగు. అమెరికా స్టూడియోల్లో ఈ పని చేసింది దాదాపు అంతా స్త్రీలే. సంక్రాంతి ముగ్గులో చుక్క తప్పకుండా గీత కలిపి, ఆ పైన రంగులద్దిన వాళ్ళకు తెలుస్తుంది, ఆ పనికి ఎంత ఓర్పు కావాలో. మనం తెర మీద చూసే ప్రతి గీతా, ప్రతి రంగూ వాళ్ళ చేతివే. పెన్సిలు గీతను ప్రేక్షకుడు ఎన్నడూ చూడలేదు!

డిస్నీ గారి భార్య లిలియన్ కూడా మొదట ఆ స్టూడియోలో ఈ రంగుల పనికి చేరినావిడే. ఎలుకకు మార్టిమర్ అని పేరు పెడదామని ఆయనంటే, బాగాలేదు, మిక్కీ అనండి అని చెప్పింది ఆవిడేనంటారు. 1937లో 'స్నో వైట్' వచ్చింది. వందలమంది ఆడపిల్లలు రాత్రింబవళ్ళు కూర్చుని ఆ రేకులకు రంగులు వేశారు. తెర మీద వాళ్ళ పేర్లు వెతికితే ఉండవు. ఆ మరుసటి ఏడు, బొమ్మలు గియ్యడం నేర్చుకుంటానని రాసిన ఒక అమ్మాయికి స్టూడియో నుంచి జవాబు వెళ్ళింది. సృజన పనులన్నీ యువకులే చేస్తారు, ఆడవాళ్ళకున్నది సిరాతో ఎత్తి రాసే పనీ, రంగులు నింపే పనే, అని దాని సారాంశం. మర్యాదగా టైపు చేసిన ఉత్తరమే లెండి.

1941లో ఆ స్టూడియోలో సమ్మె జరిగింది. జీతాల గొడవతో బాటు తెర మీద పేరు వెయ్యాలన్నదీ వాళ్ళ కోరికల్లో ఒకటి. మరుసటి ఏడు 'బ్యాంబీ' వచ్చినప్పుడు రెట్టా స్కాట్ అనే యువతి పేరు చిత్రకారుల జాబితాలో పడింది. డిస్నీ సినిమాలో యానిమేటరుగా పేరు పడ్డ మొదటి స్త్రీ ఆవిడే. ఆవిడ గీసిందేమిటనుకున్నారు? పువ్వులూ, కుందేలు పిల్లలూ కాదు. జింకను తరిమే వేటకుక్కల గుంపు! చూసి తీరాలి ఆ కోరలు.

ఆ తరవాత కాలం మారింది. 1961 నాటికి జిరాక్స్ యంత్రం వచ్చి సిరా చేతుల పని లాగేసుకుంది. 1990 వచ్చేసరికి కంప్యూటరు రంగుల పనీ తీసుకుంది. డిస్నీ కోట 1985లో తెర మీదికొచ్చింది, పిక్సార్ దీపం 1995లో. ఇప్పుడు సినిమా అయిపోయాక పేర్లు నిమిషాల కొద్దీ పైకి పాకుతూనే ఉంటాయి. అందరి పేర్లూ వేస్తున్నారు, సంతోషమే. కానీ మన టీవీలో ఆ పేర్లు మొదలవగానే తెర ఒక మూలకు చిక్కిపోయి, "తరవాతి భాగం" అని అంకెలు లెక్కపెడుతుంది. గుర్తును ఎవరూ అలా కుదించరు!

ఇదంతా మా మనవరాలికి దానికర్థమయ్యే మాటల్లో చెప్పాను. అది కాసేపాలోచించి, "అయితే సింహం అరవడం ఒక్కటే చేస్తుందా?" అంది. "అంతేనే," అన్నాను. ఆ పూట బొమ్మ అయిపోయాక పేర్లు వస్తూంటే రిమోటు నా చేతిలోంచి లాక్కుని దాచేసింది. "ఉండు అమ్మమ్మా, గీసినవాళ్ళొస్తున్నారు," అని కూడబలుక్కుంటూ ఒక్కో పేరూ చదవడం మొదలెట్టింది. నాలుగు చదివేసరికి నలభై వెళ్ళిపోయాయి. అయినా మానలేదు.

మర్నాడు ఆ పాత క్యారియరు పట్టుకుని బజార్లో స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ఇదివరకు ఉలీ సుత్తీ పెట్టి టక్కు టక్కుమని కొట్టేవారు, ఇప్పుడు కరెంటు పెన్నుతో జుయ్యిమని రాసేస్తున్నారు. నాన్నగారి పేరు కింద ఖాళీ చూపించి, ఇక్కడ ఇంకో పేరు రాయమన్నాను.

"మీ పేరా అమ్మా?" అన్నాడా అబ్బాయి.

"కాదు నాయనా, వండినావిడ పేరు," అన్నాను.

నాలుగు గిన్నెలకూ రాయించుకుని వచ్చాను. మావారు తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకూ?" అన్నారు. ఏం చెప్పను? పులుసు పెట్టి పక్కింటికి పంపాను. గిన్నె ఎవరిదో ఎటూ తెలుసు. ఈసారి ఎవరి చేతి వంటో కూడా తెలుస్తుందని.