లండన్ టపా దారిలో బళ్ళారి



లండన్ నుంచి చెన్నైకి ఆకాశమార్గాన దూరం సుమారు 8,200 కిలోమీటర్లు. మధ్యలో ఆగకుండా ఎగిరే విమానానికి ఇవాళ పది, పదకొండు గంటలు పడుతుంది. అక్కడ ఉంటున్న మీ అబ్బాయో అమ్మాయో రాత్రి విమానమెక్కితే మరునాటికి ఇంటికి చేరుకుంటారు. ఈ సుదీర్ఘమైన దారిలో ఒకప్పుడు మన బళ్ళారి కూడా ఒక మజిలీ అన్న సంగతి మీలో ఎందరికి తెలుసు?

మొదట్లో లండన్ ఉత్తరాలు ఓడలోనే వచ్చేవి. సూయజ్ కాలువ మీదుగా బొంబాయి చేరడానికి సుమారు రెండు వారాలు పట్టేది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండన్ నుంచి కరాచీకి విమాన సర్వీసు ప్రారంభించింది. దాంతో ప్రయాణం వారం రోజులకు తగ్గింది. పేరుకు విమానయానమే గానీ, స్విట్జర్లాండులోని బాసెల్ నుంచి ఇటలీలోని జెనోవా దాకా రైలెక్కవలసిందే! అక్కడి నుంచి నీటిమీద వాలే విమానం మధ్యధరా సముద్రం దాటించేది. చీకటి పడినా దిగాలి, పెట్రోలు తరిగినా దిగాలి. వారం రోజుల్లో ఎక్కువ భాగం ఈ మజిలీలకే సరిపోయేది.

కరాచీకి వచ్చిన టపాను దక్షిణాదికి చేర్చే పని టాటాలు చేపట్టారు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానంలో, సుమారు 25 కిలోల ఉత్తరాలతో కరాచీ నుంచి బయలుదేరారు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! మధ్యాహ్నానికి ఆయన బొంబాయి చేరారు. అక్కడ నెవిల్ విన్సెంట్ టపా సంచులు అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్లారు. బొంబాయికీ మద్రాసుకూ మధ్య వెయ్యి కిలోమీటర్లు. అంత దూరం ఒక్క ఊపున దాటడం ఆ చిన్న విమానానికి సాధ్యం కాదు. అందుకే, అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్ళారి మజిలీ అయింది.

1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన 'మలబార్ ప్రిన్సెస్' కైరో, జెనీవాల్లో మాత్రమే ఆగింది. జెట్ విమానాలు వచ్చాక ప్రయాణం గంటల లెక్కలోకి దిగింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఊళ్ల మధ్య దూరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. వేగం పెరగడంతో పాటు మజిలీలు కూడా ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. చేరవలసినవారికి ఇది మేలే. కానీ దారిలో చేయూతనిచ్చిన ఊళ్ల పేర్లు మరుగున పడ్డాయి.

కాబట్టి శ్రోతలారా, మీ ఇళ్లలోని పాత ట్రంకుపెట్టెల్లో ఆనాటి విమాన టపా కవర్లు కనబడితే పారవేయకండి. ముందువైపు పంపిన ఊరి ముద్ర, వెనకవైపు అందిన ఊరి ముద్ర చూడండి. రెండింటి తేదీలూ కలిపి చదివితే, ఆ ఉత్తరం ఎన్ని రోజులు ప్రయాణం చేసిందో మీరే లెక్కకట్టవచ్చు.