యోసెమిటీ మీద రాసిన పద్దు

1851 మార్చి చివర్లో మేజర్ జేమ్స్ సావేజ్ నడిపిన మరిపోసా బెటాలియన్ మంచులో నడుచుకుంటూ కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలోకి దిగింది. అందులో ఉన్నది వాలంటీర్లు. బంగారం కోసం వచ్చి, అక్కడి ఆదివాసుల మీదికి తుపాకీ పట్టినవాళ్లు. లోయలోని అహ్వానీచీలు అప్పటికే దాదాపు అందరూ కొండలెక్కేశారు. గుడిసెలూ, దాచుకున్న ఓక్ కాయలూ మాత్రం దొరికాయి. రెండింటికీ నిప్పు పెట్టారు.

ఆ కాయలను ఆడవాళ్లు ఎండబెట్టి, బండరాతి రోళ్లలో దంచి, చేదు విరిగేదాకా పిండి మీద నీళ్లు పోసి, అల్లిన బుట్టలో కాలిన రాళ్లు వేసి జావ కాచేవారు. చలికాలమంతా పిల్లల కడుపు నింపేది అదే. తూటాకు అందనివాళ్లను ఆకలితో లొంగదీయడానికే ఆ మంట. ఈ కథలో నా మనసును అన్నిటికన్నా కోసేది ఇదే.

మే నెలలో కెప్టెన్ బోలింగ్ దళం మళ్లీ వచ్చింది. అహ్వానీచీల పెద్ద అయిన టెనాయా కొడుకులు చిక్కారు. చిన్నవాడు పారిపోబోతుంటే కాల్చి చంపారు. తండ్రిని పట్టి తెచ్చేసరికి కొడుకు శవం అక్కడే పడి ఉంది. చివరకు ఆయన జనాన్ని ఫ్రెస్నో నది దగ్గరి రిజర్వేషన్‌కు తోలారు. కొండల్లోని సరస్సుకు ఆయన పేరే పెట్టామని దళంలోని బన్నెల్ చెబితే, దానికి పేరు ఎప్పటినుంచో ఉందన్నాడు ముసలాయన. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయనా హతుడయ్యాడు.

ఆదివాసులు అంతరించేదాకా యుద్ధం ఆగదని గవర్నర్ బర్నెట్ 1851 జనవరిలోనే శాసనసభకు చెప్పాడు. అన్నట్టే ఇలాంటి దండయాత్రల కోసం రాష్ట్రం 1851లో 5 లక్షల డాలర్లకు, మరుసటి ఏడు 6 లక్షలకు బాండ్లు వేసింది. జీతాలు, గుర్రాలు, తిండి, అన్నీ పద్దుకెక్కాయి. కాలిన ఓక్ కాయలకు పద్దు లేదు. ఖర్చంతా వాషింగ్టన్ తిరిగి ఇస్తుందని రాష్ట్రం ధీమా. ఆదివాసులకు భూమి వదులుతామన్న 18 ఒప్పందాలను 1852లో అమెరికా సెనేట్ తోసిపుచ్చి, ఆ కాగితాలను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. వాలంటీర్ల ఖర్చుల కింద మాత్రం 1854లో కాంగ్రెస్ 9,24,259 డాలర్ల దాకా మంజూరు చేసింది.

అంత సులువుగా సొమ్ము తిరిగొచ్చాక దాడులు ఎందుకు ఆగుతాయి? 1857లో రాష్ట్రం మరో 4,10,000 డాలర్లకు బాండ్లు వేసింది. 1861లో కాంగ్రెస్ ఇంకో 4 లక్షలు ఇచ్చింది.