కారు గేర్ ఆయిల్ మారుస్తున్నారా? సింథటిక్ అయితే చాలదు.. డబ్బా మీద ఈ నంబర్లు చూశాకే పోయించండి

కారు సర్వీసింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంజిన్ ఆయిలే. గేర్‌బాక్స్‌లోనూ ఆయిల్ ఉంటుందని, దాన్నీ మార్చాలని గుర్తొచ్చేసరికి బండి లక్ష కిలోమీటర్లు దాటేస్తుంది. అప్పుడు కూడా 'సింథటిక్ పోసెయ్, ఖరీదైనా పర్లేదు' అని మెకానిక్‌కి చెప్పి ఊరుకుంటాం. చిక్కంతా ఇక్కడే. మీ గేర్‌బాక్స్‌కు సరిపడని ఆయిల్ పోస్తే, అది ఎంత ఖరీదైనదైనా సరే, గేర్లు సరిగ్గా పడవు. అలాగే నడిపితే గేర్‌బాక్స్ విప్పాల్సిన పరిస్థితి రావొచ్చు. మరి డబ్బా మీద ఏం చూడాలి?

జీఎల్-4నా.. జీఎల్-5నా?

ఇవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్టిన సర్వీస్ రేటింగులు. 4 కన్నా 5 పెద్దది కాబట్టి అదే మంచిదనుకుంటే పొరపాటే. రెండింటి పనులు వేరు.

గేర్ పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ గట్టిగా ఒత్తుకునే హైపాయిడ్ గేర్ల కోసం జీఎల్-5 వచ్చింది. బొలెరో లాంటి బండ్లలో వెనక యాక్సిల్ మధ్య ఉండే డిఫరెన్షియల్‌లో ఈ గేర్లే ఉంటాయి. మెకానిక్‌లు క్రౌన్ ఆయిల్ అనేది దీన్నే. ఇందులో సల్ఫర్, ఫాస్ఫరస్ కలిసిన ఒత్తిడి తట్టుకునే రసాయనాలు జీఎల్-4 కన్నా బాగా ఎక్కువ.

మాన్యువల్ గేర్‌బాక్స్ సంగతి వేరు. మీరు గేర్ మార్చినప్పుడు సింక్రో రింగు గేర్‌ను కాస్త పట్టుకుని, రెండింటి వేగాన్ని సమానం చేస్తుంది. ఆ తర్వాతే గేర్ మెత్తగా పడుతుంది. ఈ రింగులు చాలావరకు ఇత్తడివి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగుకు పట్టు దొరకదు, గేర్ 'కర్‌ర్'మంటుంది. పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని రసాయనాలు వేడిలో ఇత్తడిని నెమ్మదిగా తినేస్తాయి. అందుకే చాలా మాన్యువల్ కార్లకు కంపెనీలు జీఎల్-4 చెబుతాయి.

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి. రెండింటికీ ఒకటే ఆయిల్. వీటిలో సాధారణంగా హైపాయిడ్ గేర్లు ఉండవు కాబట్టి 'డిఫరెన్షియల్ ఉంది కదా' అని జీఎల్-5 పోయించాల్సిన పని లేదు. అయితే కొన్ని గేర్‌బాక్స్‌లకు కంపెనీయే జీఎల్-5 చెబుతుంది. అప్పుడు అదే పోయాలి.

కొన్ని డబ్బాల మీద 'జీఎల్-4/జీఎల్-5' అని రెండూ ఉంటాయి. సింక్రోలున్న మాన్యువల్ గేర్‌బాక్స్‌కు వాడొచ్చని స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

75డబ్ల్యూ-90 అంటే ఏంటి?

ఇది చిక్కదనం లెక్క. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇంజిన్ ఆయిల్ స్కేల్‌తో దీన్ని పోల్చకూడదు. గేర్ ఆయిల్‌లో 90 అంటే, వేడి మీద దాదాపు 40 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ అంత చిక్కదనమే.

'రామగుండంలో ఎండ 45 డిగ్రీలు, ఇంకా చిక్కటిది పోద్దాం' అనే సలహా వినొద్దు. కంపెనీ 75డబ్ల్యూ-80 చెప్పిన చోట 80డబ్ల్యూ-90 పోస్తే పొద్దున్నే గేర్లు బిగుసుకున్నట్టు ఉంటాయి.

సింథటిక్‌తో లాభమెంత?

75డబ్ల్యూ గ్రేడ్‌ను మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూను మైనస్ 26 దగ్గర పరీక్షిస్తారు. మనకు ఆదిలాబాద్, లంబసింగి చలిలోనూ అంత అవసరం రాదు. మనకు దక్కే లాభం ఇంకోటి. సింథటిక్ వేడికి త్వరగా పాడవదు, చల్లగా ఉన్నా వేడెక్కినా చిక్కదనం పెద్దగా మారదు. ట్రాఫిక్‌లో రోజంతా గేర్లు మార్చేవాళ్లకు, ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లకు తేడా తెలుస్తుంది. మినరల్ నుంచి సింథటిక్‌కు మారొచ్చు. కానీ జీఎల్ రేటింగ్, గ్రేడ్ రెండూ మాన్యువల్ బుక్‌లో ఉన్నవే కావాలి. హోండా లాంటి కంపెనీలు సొంత ఎంటీఎఫ్ ఆయిల్‌నే వాడమంటాయి. అక్కడ ప్రయోగాలు వద్దు.

ఏఎంటీ కార్లలోనూ లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే. అయితే కొన్నింటిలో గేర్లు మార్చే యాక్చుయేటర్‌కు హైడ్రాలిక్ ఆయిల్ వేరుగా ఉంటుంది. రెండూ కలిపేయకూడదు.

ఎప్పుడు మార్చాలి?

మాన్యువల్ బుక్‌లో ఉన్న కిలోమీటర్ల లెక్కే ప్రామాణికం. కారు వరద నీళ్లలో మునిగితే మాత్రం ఆగొద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో చాలా కార్లు మునిగాయి. అలాంటప్పుడు గేర్‌బాక్స్ గాలి గొట్టం నుంచి నీళ్లు లోపలికి వెళ్లొచ్చు. ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. వెంటనే దింపేయాలి.

షెడ్డులో దగ్గరుండి చూడాల్సినవి ఇవీ:

- ఆయిల్ దింపే ముందే, పైన నింపే బోల్టు ఊడుతుందో లేదో చూడమనండి. అది బిగుసుకుపోతే దింపేశాక కొత్తది పోయడానికి దారి ఉండదు.
- కారు కాసేపు నడిపాక, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపాలి.
- దింపే బోల్టుకు అయస్కాంతం ఉంటే సన్నటి ఇనుప పొడి అంటుకుని ఉంటుంది. అది మామూలే. ముక్కలు కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్ చూపించండి.
- బోల్టు వాషర్లు కొత్తవి వేయించండి.
- కొలత బుక్‌లో ఉన్నంతే. చాలా కార్లలో బండి సమంగా నిలబెట్టి, నింపే రంధ్రం అంచు దాకా పోస్తారు. ఎక్కువైతే నురగ వచ్చి సీళ్ల దగ్గర కారుతుంది. తక్కువైతే గేర్లు అరుగుతాయి.

ఒక్క మాట. గేర్ పడనప్పుడల్లా తప్పు ఆయిల్‌దే కాదు. క్లచ్ పూర్తిగా వదలకపోయినా ఇలాగే ఉంటుంది. ఇంజిన్ ఆపితే గేర్లు సులువుగా పడి, ఆన్‌లో ఉంటే బిగుసుకుంటే ముందు క్లచ్ చూపించండి. ఇక రివర్స్ ఒక్కటే కర్‌ర్‌మంటే, బండి పూర్తిగా ఆగాక ఒకసారి వేసి చూడండి. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు.