బెరడు కోసం ఎదురుచూసిన మందు

ఇవాళ ఒవేరియన్ క్యాన్సర్, అంటే అండాశయ క్యాన్సర్‌కి కీమో ఇస్తే అందులో తరచుగా ప్యాక్లిటాక్సెల్ ఉంటుంది. మీకు తెలిసినవాళ్ల ఆసుపత్రి ఫైల్లో ఈ పేరు చూసే ఉంటారు. ఇది అడవి నుంచి వచ్చిన మందు.

1962 ఆగస్టు, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం. ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రవేత్త పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు ఒలిచి పట్టుకెళ్లాడు. క్యాన్సర్ మందు కోసం అక్కడి ప్రభుత్వం వేల మొక్కల్ని వరసపెట్టి పరీక్షిస్తున్న రోజులవి. కలప కొట్టేవాళ్లకి మాత్రం ఈ చెట్టు ఉత్త చెత్త, కాల్చిపారేసేవాళ్లు.

నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ కలిసి ఆ బెరడులోని మందుని విడదీసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. వానీ మనదేశంలోనే, మహారాష్ట్రలో పుట్టాడు. కానీ మందు నీళ్లలో కరగదు, బెరడులో ఉండేదేమో చిటికెడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1979లో సుసాన్ హోర్విట్జ్ అసలు సంగతి తేల్చింది. కణం రెండుగా చీలాలంటే లోపల సన్నటి గొట్టాలు కట్టుకోవాలి, పనయ్యాక ఊడిపోవాలి. ఈ మందు వాటిని ఊడనివ్వదు! కణం మధ్యలోనే ఇరుక్కుని చచ్చిపోతుంది. పాత మందులు అసలు గొట్టాలే కట్టనిచ్చేవి కావు, ఇది పూర్తిగా రివర్స్.

1980ల మధ్యలో మనుషుల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. మందుని కరిగించడానికి ఆముదం నుంచి తయారైన ద్రవం వాడారు (అవును, మన ఆముదమే). అది కొందరికి తీవ్రమైన అలర్జీ తెచ్చింది. ముందే స్టెరాయిడ్లు ఇచ్చి, గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించడం నేర్చుకున్నాక ట్రయల్స్ సాగాయి. 1989లో జాన్స్ హాప్కిన్స్‌లోని విలియం మెక్‌గ్వైర్ బృందం ఫలితాలు వచ్చాయి. మిగతా మందులు పనిచేయని పేషెంట్లలో సుమారు 30 శాతం మందికి గడ్డలు తగ్గాయి. నయమైపోయిందని కాదు, కానీ వేరే దారి లేనివాళ్లకి అది చిన్న విషయమా?

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కిలో మందుకి వేల కిలోల బెరడు కావాలి. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, అది పెరగడానికేమో దశాబ్దాలు. మందు ఉందని తెలిసినా అందరికీ ఇచ్చేంత లేదు. చెట్టునా, మనిషినా అని అమెరికాలో పెద్ద గొడవే జరిగింది.

1992 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఈలోపు ఫ్రాన్స్‌లో పియరీ పోటియే బృందం యూరప్ యూ ఆకుల్లో దీనికి దగ్గరి పదార్థాన్ని పట్టుకుంది. దాన్ని మందుగా మార్చే మెరుగైన పద్ధతిని ఫ్లోరిడాలో రాబర్ట్ హోల్టన్ కనిపెట్టాడు. ఆకులు కోస్తే మళ్లీ చిగురిస్తాయి. 1990ల మధ్యకల్లా బెరడు ఒలవాల్సిన పని తప్పింది.