మచ్చను దాచుకోని చోటు

నిజామాబాదులో కంఠేశ్వర్ దగ్గర హైదరాబాదు బస్సు ఎక్కితే కాసేపటికే డిచ్‌పల్లి వస్తుంది. నా చిన్నతనంలో కండక్టరు ఆ పేరు పిలిస్తే బస్సులో మాటలు ఆగిపోయేవి. దిగేదెవరా అని అందరూ చూసేవారు. చేతికి గుడ్డ చుట్టుకున్న మనిషెవరైనా దిగితే ఆ సీటు నిజామాబాదు నుంచి నిల్చుని వస్తున్నవాళ్లకు కూడా అక్కర్లేకపోయేది. ఆ ఊళ్లో గుట్ట మీద రామాలయం ఉంది, రైల్వే స్టేషను ఉంది, 2006 నుంచి తెలంగాణ యూనివర్సిటీ ఉంది. మా పెద్దవాళ్లకు మాత్రం డిచ్‌పల్లి అంటే దవాఖానే. కుష్టు అన్న మాట నోట రానిచ్చేవారు కాదు. "పెద్దరోగం దవాఖాన" అనేవారు.

పెద్దయ్యాక నేనూ కుష్టు నిర్మూలన కార్యక్రమంలో పారామెడికల్ వర్కరుగా చేరి ఈ జిల్లా ఊళ్లన్నీ తిరిగాను. ఈ సంచికకు డిచ్‌పల్లిలోని ఆ విక్టోరియా దవాఖాన గురించి రాయమన్నప్పుడు కట్టడాల గురించీ దాతల గురించీ రాయడం తేలికే అనిపించింది. కానీ నన్ను ఏళ్ల తరబడి వెంటాడిన ప్రశ్న ఒకటుంది. అంటురోగం వచ్చినప్పుడు దవాఖాన మొదట సిద్ధం చేసుకోవలసింది ఏమిటి? మంచాలా, మందులా, సిబ్బందా? మూడూ కావలసిందే. అయితే రోగి గడప దాకా వస్తేనే కదా అవి పనికొచ్చేది. నూట పదేళ్లుగా డిచ్‌పల్లి కష్టపడి నేర్చుకున్నదీ, నేర్పిందీ ఇదేనని నా నమ్మకం.

ఈ దవాఖానను మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ స్కాట్లండు మనిషి. 1903లో అబర్డీన్ యూనివర్సిటీలో వైద్య పట్టా తీసుకుంది. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. అప్పటికి ఇందూరు పేరు నిజామాబాదుగా మారి రెండేళ్లే అయింది. ఊళ్లలో కుష్టు రోగులకు దిక్కు లేదన్న సంగతి ఆమెకు ఎంతో కాలం పట్టకుండానే తెలిసింది. 1911లో నిజామాబాదులో మిషన్ పక్కనే చిన్న ఆశ్రమం మొదలుపెడితే వచ్చేవాళ్లకు ఆ చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చి పెద్ద మొత్తం ఇచ్చారు. ఆయన హిందువు. క్రైస్తవ మిషనరీలు నడిపే దవాఖానకు, అదీ ఎవరూ పేరు పలకని రోగానికి ధనమిచ్చారు. డిచ్‌పల్లిలో 1915లో దవాఖాన నిలబడింది. ఈ జిల్లా పిల్లల పాఠ్యపుస్తకంలో ఆ దానం గురించి ఒక పేజీ ఉండాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అదే 1915లో హైదరాబాదులో ఎర్రన్నగుట్ట మీద క్వారంటైన్ దవాఖాన వెలిసింది. తర్వాత నల్లకుంటకు మారింది. దాన్నే ఇప్పుడు ఫీవరాసుపత్రి అంటున్నాం. జనం నోట క్వారంటైన్ కాస్తా "కోరంటి" అయింది. ప్లేగు, గత్తర, అమ్మవారు వంటి రోగాల కోసం అది. అక్కడ రోగి బతుకు గంటల్లో తేలిపోతుంది. గత్తర తగిలినవాడి ఒంట్లోంచి నీళ్లు పోతుంటే సెలైన్ ఎంత త్వరగా ఎక్కించారన్నదే లెక్క. డిచ్‌పల్లిది అందుకు పూర్తిగా వేరే కొలత. కుష్టు క్రిమి ఒంట్లో చేరాక మచ్చగా బయటపడటానికి సగటున ఐదేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా. ఎవరి నుంచి అంటిందో రోగికి గుర్తే ఉండదు. నూటికి తొంభై ఐదు మందిని ఒంట్లోని సహజ శక్తే కాపాడుతుంది. మిగిలినవాళ్లలో ఆ క్రిమి నరాల్ని మెల్లగా తింటుంది. ఇది కూడా ప్రబలే రోగమే. కాకపోతే ఒక తరం పొడవునా నెమ్మదిగా ప్రబలుతుంది, అందుకే ఎవరికీ తొందర ఉండదు.

కెర్ దంపతులు పని మొదలుపెట్టేటప్పటికి కుష్టుకు నమ్మదగిన మందు లేదు. నార్వేలో హాన్సెన్ 1873లోనే ఈ క్రిమిని కనిపెట్టాడు కానీ దాన్ని చంపేదేదో ఎవరికీ తెలియలేదు. కాబట్టి దేశమంతటా ఆశ్రమాలు తిండి పెట్టి, గూడు ఇచ్చి, రోగిని చివరిదాకా ఉంచుకునేవి. 1898 నాటి చట్టం వీధుల్లో అడుక్కునే కుష్టు రోగుల్ని పట్టి ఆశ్రమాల్లో పెట్టడానికి వీలిచ్చింది. అలాంటి చోటికి తన కాళ్లతో తాను ఎవరు నడిచి వస్తారు? వేళ్లు పోయి, ఇల్లు పోయి, మరో దారి లేనివాళ్లే వచ్చేవారు. మొదటి మచ్చ ఉన్నవాడు దాన్ని చొక్కా కింద దాచుకునేవాడు. దాచినన్నాళ్లూ ఇంట్లో అంటుకుంటూనే ఉండేది.

దీన్ని మార్చింది చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. సుశ్రుతుడు తువరకం పేరుతో చెప్పినది ఈ జాతి చెట్టునే. ఆ నూనె తాగితే కడుపులో వికారం, కక్కు. కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్స్, తర్వాత ఎర్నెస్ట్ ముయిర్ దాన్ని సూదిమందుగా వాడే పద్ధతుల్ని సరిదిద్దారు. ఇసబెల్ కెర్ వాటిని డిచ్‌పల్లికి తెచ్చింది. సూది నొప్పి పెట్టేది. ఒకటి రెండు కాదు, నెలల తరబడి పొడిపించుకోవాలి. ముదిరిన రోగానికి అది పెద్దగా పని చేసేది కాదు. ఆ రోజుల్లో ఆ వైద్యం చేసేవాళ్లు సూదికి ఎంత విలువ ఇచ్చేవారో మంచి తిండికీ ఒళ్లు కదిలే పనికీ అంతే ఇచ్చేవారు. ఆ మందుకున్న శక్తి ఎంతన్న దాని మీద తర్వాతి కాలం డాక్టర్లు చాలా వాదించారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది ఇంకొకటి. డిచ్‌పల్లి గేటు లోంచి కొందరు నయమై బయటికి రావడం మొదలైంది. వాళ్లను చూసినవాళ్లకు లోపలికి పోవడమంటే చావడానికి పోవడం కాదని తెలిసింది. ఆశ్రమం దవాఖాన అయింది ఆ రోజునే. 1923లో కెర్ దంపతులకు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె ఈ దేశంలోనే కన్ను మూసింది.

డిచ్‌పల్లి బడి లాంటిది కూడా. అక్కడ పనిచేసిన డాక్టర్ జాన్ లో ఇక్కడి నుంచి కలకత్తాకూ, ఆ తర్వాత నైజీరియాలోని ఉజువాకోలికీ వెళ్లారు. చౌకగా దొరికే డాప్సోన్‌ను తగిన మోతాదులో మాత్రగా మింగిస్తే కుష్టు లొంగుతుందని 1940ల చివర అక్కడ చూపించారు. సూదుల కాలం ముగిసి మాత్రల కాలం వచ్చింది. ఈ కథలో నిజామాబాదు జిల్లా ఒక మజిలీ అని ఇక్కడివాళ్లలో ఎందరికి తెలుసో.

డాప్సోన్‌ను ఒక్కదాన్నే ఏళ్ల తరబడి వాడేసరికి క్రిమి దానికి అలవాటు పడింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వాలన్నారు. దాన్నే మేము ఎండీటీ అంటాం. మచ్చలు తక్కువగా ఉంటే 6 నెలలు, ఎక్కువగా ఉంటే 12 నెలలు. 1995 నుంచి ఈ మందు ప్రపంచమంతటా ఉచితం. నెలకోసారి వేసే మోతాదు మా కళ్లెదుటే మింగించాలి. మింగిన పూట మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే రోగి హడలిపోయి రెండో నెల రాడు. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది. పెళ్లి కావలసిన ఆడపిల్ల "మందు మింగితే నల్లబడుతున్నా సారూ, మచ్చే నయం" అని ఏడ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. కోర్సు అయ్యాక ఆ నలుపు మెల్లగా పోతుందని ఆమెనూ వాళ్లమ్మనూ కూర్చోబెట్టి చెప్పడానికి మూడుసార్లు ఆ ఇంటికి పోయాను. ఆమె కోర్సు పూర్తి చేసింది.

బోధన్ వైపు ఊళ్లలో పని వేరుగా ఉండేది. 1930ల చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ వచ్చాక, 2015లో అది మూతపడేదాకా, ఆ నేలంతా చెరుకే. చెరుకు కొట్టే చేతుల మీద గాయాలు మామూలే కాబట్టి ఎవరూ వాటిని అనుమానించరు. ఒకసారి బెల్లం వండే చోట ఒకాయన కాగుతున్న పెనం అంచు పట్టుకుని మాట్లాడుతున్నాడు, చెయ్యి తీయడం లేదు. పక్కన కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. పెన్ను మొనతో తాకి "ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపు పెద్దయ్యా" అన్నాను. చిటికెన వేలి వైపు ఎంత తాకినా ఆయన వేలు కదలలేదు. మోచేతి వెనక నరం తాడులా లావైంది. "నాకేం రోగం లేదు సారూ, పని చేసీ చేసీ మొద్దుబారింది" అన్నాడు. చెవి తమ్మె నుంచి చిన్న గాటు పెట్టి తీసిన రసాన్ని గాజుపలక మీద రంగు వేసి చూస్తే ఎర్రటి కర్రపుల్లల్లా క్రిములు కనిపించాయి. ఆయన ఇంట్లో ఏడుగురు. అందర్నీ చూశాం. మనవడి వీపు మీద ఒక మచ్చ, రాగి రంగులో. అవ్వకు అది తెలుసు. చొక్కా విప్పొద్దని వాడికి తనే చెప్పిందట.

ఆ అవ్వ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. వాడి బడి మాన్పిస్తారని, రేపు వాడి అక్క పెళ్లి ఆగిపోతుందని ఆమె భయం. 2019 దాకా మన దేశంలో కుష్టు విడాకులకు ఒక కారణంగా చట్టంలోనే ఉండేది. 1898 నాటి ఆ పాత చట్టం 2016లోగానీ రద్దు కాలేదు. చట్టమే వెలివేస్తుంటే ఒక ముసలమ్మను దాచిపెట్టావని ఎలా అంటాం?

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇదంతా మళ్లీ నా కళ్ల ముందు జరిగింది. మా జిల్లా ఊళ్లలో పొలిమేరల దగ్గర ముళ్లకంచెలు వేశారు. గల్ఫు నుంచి దిగినవాళ్ల చేతి మీద క్వారంటైన్ ముద్ర కొట్టారు. ఆ ముద్రను చొక్కా చేతితో కప్పుకుని ఇంటికి పోయిన కుర్రాళ్లను చూస్తే నాకు వీపు మచ్చ దాచుకున్న ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. మొదట్లో పాజిటివ్ వస్తే హైదరాబాదు గాంధీ దవాఖానకు పంపేవారు. తర్వాత నిజామాబాదు సర్కారీ దవాఖానలోనే వార్డులు తెరిచారు. అక్కడి నర్సులూ డాక్టర్లూ పడిన కష్టానికి ఈ ఊరు రుణపడి ఉంది. అంటురోగానికి దవాఖాన సిద్ధం కావడమంటే ఏమిటో అప్పుడు అందరికీ తెలిసింది. జ్వరం ఉన్నవాళ్లకు వేరే దారి, కిట్టు వేసుకోవడానికొక గది, విప్పడానికి ఇంకొక గది, మంచం మంచానికీ ఆక్సిజన్ గొట్టం. వీటికి డబ్బు కావాలి, అది ఎలాగో వచ్చింది. అయితే దగ్గు మొదలైన రోజే రావలసినవాడు ఊపిరి అందని రోజున వస్తుంటే ఆ గొట్టాలు ఏం చేయగలవు? వీధిలో తలుపుకు స్టిక్కరు అంటిస్తారని భయపడి ఆగిపోయినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. వాళ్లలో ఒకాయన లేడిప్పుడు.

2005 చివరికి పదివేల మందికి ఒక్కరికంటే తక్కువ అని లెక్క తేలి, దేశంలో కుష్టు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందన్నారు. ఆ ప్రకటన తర్వాత మా వైపు చూసేవాళ్లు తగ్గారు. దేశంలో ఇప్పటికీ ఏటా సుమారు లక్ష మంది కొత్త రోగులు బయటపడుతున్నారు. వాళ్లలో పిల్లలున్నారు. పిల్లల్లో రోగం కనపడిందంటే దగ్గర్లో ఎవరో పెద్దవాళ్లు ఇంకా దాచుకున్నారన్నమాటే.

ఉద్యోగం చివరి రోజుల్లో మాకొక కొత్త పని చెప్పారు. రోగి ఇంట్లోవాళ్లకూ చుట్టుపక్కలవాళ్లకూ రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ముందుగానే ఇవ్వాలి. అది వాళ్లకు రోగం వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. అలాంటి ఒక పనికి డిచ్‌పల్లి మండలంలో ఒక ఇంటికి పోయాను. రోగి ఆ ఇంటి కోడలు. వాకిట్లోనే కుర్చీ వేసింది, చాటుకు పిలవలేదు. పక్కింటివాళ్లు చూస్తుండగానే పిల్లలందరికీ మాత్రలు వేయించింది. "దవాఖాన మా పక్కనే ఉండె సారూ, చిన్నప్పటి నుంచి చూస్తనే ఉన్న, భయమేముంది" అంది. నేను రిజిస్టరు మూసి లేస్తుంటే ఆగమని లోపలికి కేకేసింది.

"మా తోటికోడలు చెయ్యి మీద కూడ మచ్చ ఉన్నది, ఆమెను గూడ చూసి పో సారూ."