కొల్లేరు పక్షుల మనుగడపై మానవ ప్రభావం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు, మరోవైపు నుంచి వచ్చే తమ్మిలేరు దీన్ని నింపుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతం చేరుతుంది. చేపల చెరువుల విస్తరణ వల్ల ఇక్కడి నీటిపక్షులు, ముఖ్యంగా గూడబాతులు (పెలికాన్లు), తమ సహజ ఆవాసాన్ని చాలావరకు కోల్పోయాయి.

తొలి రికార్డులు

పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు కట్టేవి. పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో ఆ కాలనీని గుర్తించి, 1949లో దానిపై వ్యాసం ప్రచురించారు. 1970ల్లో ఆ కాలనీ ఖాళీ అయింది.

చెరువుల రాక

సరస్సులోని దిబ్బలపై ఉన్న లంక గ్రామాల వడ్డీ కులపు జాలరులు తరతరాలుగా సరస్సులో చేపలు పట్టి జీవించారు. 1970ల్లో మత్స్యకార సహకార సంఘాల పేరిట చెరువుల తవ్వకం మొదలైంది. తర్వాతి రెండు దశాబ్దాల్లో బయటి పెట్టుబడి ప్రవేశించి, సరస్సు గర్భమంతా గట్లు లేచాయి. ఈ మార్పు పక్షుల వేటను దెబ్బతీసింది. గూడబాతు తన ముక్కు కింది తిత్తితో నీటిపైభాగంలోని చేపలను తోడుకుంటుంది. కొంగలు కాళ్లు ఆనేంత లోతులో నడుస్తూ వేటాడతాయి. లోతైన చెరువుల్లో కొంగలకు నిలిచే చోటు లేదు. పైగా పెంచుతున్న చేపలను కాపాడుకోవడానికి రైతులు చెరువులపై వలలు కట్టి, టపాసులు పేల్చి పక్షులను తరిమేస్తారు.

రక్షణ చర్యలు

1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే హద్దు) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపట్టిన ‘ఆపరేషన్ కొల్లేరు’లో చేపల చెరువుల గట్లను పేల్చివేశారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ +5నే కొనసాగించాలంది. ఈలోగా చాలాచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి.

ప్రస్తుత స్థితి

కైకలూరు సమీపంలోని ఆటపాకలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడుతున్నాయి. ఇది విలువైన ప్రయత్నమే. కానీ గూటికి స్టాండు ఇవ్వగలిగినా, పిల్లలకు మేత సరస్సే ఇవ్వాలి. పక్షుల మేతకు అడ్డుపడిన గట్లే వరదనూ ఉప్పుటేరులోకి సాఫీగా పోనివ్వక లంక గ్రామాలను ముంచుతున్నాయి. అందుకే గట్లు తొలగించి, బుడమేరు నీటిని ఉప్పుటేరు దాకా పారనివ్వడం గూడబాతుకెంత అవసరమో లంకవాసికీ అంతే అవసరం.