ఇల్లు మారిన దేవుళ్ళు

చరిత్ర చూడాలంటే రోముకో వెనిసుకో వెళ్ళాలని మనలో చాలామందికి ఓ నమ్మకం. వెళ్ళొచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తూ "మొదటిరోజే కాళ్ళు పీక్కుపోయాయనుకోండి" అని మురిసిపోతుంటారు. నా కాళ్ళు మాత్రం అలంపురంలోనే పీక్కుపోయాయి. గద్వాల చీరలకని పాలమూరు వైపు బయల్దేరినదాన్ని, ఒకరోజు ముందే కర్నూలు రోడ్డులో అలంపురం చౌరస్తా దగ్గర ఎడమకి తిరిగాను. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఇది. 2016 నుంచీ జోగులాంబ గద్వాల జిల్లా.

ఊరి పక్కనే తుంగభద్ర, అదీ ఉత్తరవాహిని. అయితే గుడి వాకిట్లో నిలబడి చూస్తే నది కనబడదు. నదివైపు ఎత్తుగా గోడ కట్టారు. ఆ గోడ సంగతి తర్వాత చెబుతాను.

గుళ్ళు తొమ్మిది. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ. పేర్లన్నీ బ్రహ్మవి, గుళ్ళన్నీ శివుడివి! ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు ఏలినప్పటివి. శిఖరాలు మన గాలిగోపురాల్లా ఉండవు. నిలువుగా లేచి, పైకి పోనుపోను లోపలికి వంగి, నెత్తిన ఉసిరికాయలాంటి రాయితో ఒరిస్సా గుళ్ళను తలపిస్తాయి. ఆ రాతిని సంస్కృతంలో ఆమలకం అంటారట, అంటే ఉసిరికాయే. చూడగానే నాకు వంటింటి జాడీ గుర్తొచ్చినందుకు తప్పేం లేదన్నమాట.

స్వర్గబ్రహ్మ గుడి దగ్గర ఎక్కువసేపు ఉండిపోయాను. వినయాదిత్యుడి కాలంలో, అంటే 681, 696 మధ్య, లోకాదిత్యుడనేవాడు రాణిగారి గౌరవార్థం దీన్ని కట్టించాడని శాసనం ఉంది. తాజ్‌మహల్ కన్నా దాదాపు వెయ్యేళ్ళు ముందు! ఈ రాణిగారి మీద సినిమా పాటలు లేవు, అంతే తేడా. విశ్వబ్రహ్మ గోడల మీదయితే పంచతంత్రం కథలు చెక్కారు. గుడికొచ్చి మారాం చేసే పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఎంతమంది తల్లులు ఊరడించి ఉంటారో కదా!

ఇక జోగులాంబ. పద్ధెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. సతీదేవి పైపళ్ళు పడినచోటని చెబుతారు. అమ్మవారి జటల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. మొదట ఒళ్ళు జలదరించింది. ఇల్లు పాడుపడుతోందంటే మొదట కనబడేవి అవేననీ, ఇంటిని కాచే తల్లి కాబట్టి ఆమెను గృహచండి అంటారనీ తెలిశాక ఆ రూపమే వేరేగా కనబడింది. విచిత్రం చూడండి, ఇళ్ళను కాచే ఈ తల్లికే ఆరువందల ఏళ్ళపాటు సొంతిల్లు లేదు. పద్నాలుగో శతాబ్దపు దండయాత్రలో గుడి కూలిపోతే బాలబ్రహ్మ గుళ్ళో ఓ మూల తలదాచుకుంది. 2005లో గానీ కొత్త గుడి రాలేదు. చుట్టూ నీళ్ళు నింపారు, అమ్మవారి ఉగ్రం చల్లబడాలని. ఆరొందల ఏళ్ళు పరాయి ఇంట్లో ఉంటే ఎవరికి మాత్రం ఉగ్రం రాదు!

ఇప్పుడు గోడ సంగతి. కింద శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు వెనక నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని తేలింది. నవబ్రహ్మల్ని కాపాడ్డానికి గోడ లేచింది. గోడ కాపాడలేని గుళ్ళను విప్పారు. కృష్ణా తుంగభద్రా కలిసేచోట ఉన్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి ఊడదీసి, తెచ్చి అలంపురంలో మళ్ళీ పేర్చారు. ఇరవై పైచిలుకు పాపనాశనం గుళ్ళనూ అలాగే జరిపారు. కొల్లాపురం వైపు సోమశిల, జటప్రోలు దేవుళ్ళకూ ఈ కాపురం మార్పిడి తప్పలేదు. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కోసం 1960లలో అబూ సింబెల్ గుడిని కోసి పైకెత్తితే లోకమంతా నోరెళ్ళబెట్టింది. మన సంగమేశ్వరుడి ప్రయాణం పక్క జిల్లాలోనే చాలామందికి తెలీదు.

ఆ గుడి చుట్టూ రెండుసార్లు తిరిగాను. అతుకు కనబడుతుందేమోనని వెతికాను. నా కంటికి ఆనలేదు.

బయట పూలమ్ముతున్న పెద్దావిణ్ణి "మీదీ ఊరేనా అమ్మా?" అని పలకరించాను.

"కాదు బిడ్డా, మాది మునిగిన ఊరు. రాళ్ళను సంఖ్య తప్పకుంట తెచ్చి ఈడ నిలవెట్టిండ్రు. మేమే తలా ఓ దిక్కు పోయినం. మా అక్క ఏడుందో ఏండ్లదాక ఎరుకలే" అంది, దండ కడుతూనే.

1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పటికి నాకింకా నడక రాలేదు. గుళ్ళ తరలింపు మీద పుస్తకాలున్నాయి, కొలతలున్నాయి, బొమ్మలున్నాయి. ఆ ఊళ్ళ ఆడవాళ్ళు రోలూ, తిరగలీ, తులసికోటా ఏం చేశారో ఎవరు రాసిపెట్టారు? తులసికోటను ఊడదీసుకుపోగలరా? అడగాలనిపించింది. ఈలోగా బేరం వచ్చి ఆవిడ అటు తిరిగింది.

పొద్దు వాలుతుంటే నదివైపు మెట్లెక్కాను. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ఈ గోడనీ లెక్కచెయ్యలేదు, గుళ్ళలోకి వచ్చేసింది. నేను చూసిన పూట మాత్రం తుంగభద్ర నిమ్మళంగా ఉంది. నీళ్ళ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటున్నారు. చెప్పులు విప్పి రాతిమీద కూలబడ్డాను. మ్యూజియం ఇంకా చూడనేలేదు. తలకి బదులు తామరపువ్వున్న అమ్మవారి శిల్పం అందులో ఉందని విన్నాను. రేపు పొద్దున దాన్ని చూశాకే గద్వాల, చీరలూ.